బుల్లెట్ 350 హెడ్ పోర్టింగ్: ఎక్కడ తీయాలి, ఎక్కడ ముట్టుకోకూడదు

పోర్టింగ్ అంటే ఇంజిన్ హెడ్‌లో గాలి లోపలికి, పొగ బయటికి వెళ్ళే దారులను (పోర్టులను) గీకి సరిచేయడం. డై గ్రైండర్ (బర్ అనే పళ్ళ ముక్కతో లోహాన్ని గీకే మిషన్) చేతికి రాగానే పోర్టును పెద్దది చేయాలని చేతులు దురద పెడతాయి. హెడ్‌లు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. అందుకే గ్రైండర్ పట్టుకునే ముందు ఒక చిన్న లెక్క వేయండి.

లెక్కకు మనం తీసుకునే ఇంజిన్ క్లాసిక్ 350లో 2009 నుంచి 2020 దాకా కార్బ్యురేటర్‌తో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ యూసీఈ 350 (ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే కేసులో ఉండే యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజిన్). బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., 346 సీసీ, కంప్రెషన్ 8.5. కంపెనీ చెప్పిన పవర్ 5250 ఆర్‌పీఎం దగ్గర 19.8 హెచ్‌పీ. రెండు వాల్వులు, పుష్‌రాడ్‌లు, హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ఒత్తిడితో వాల్వు సందును తామే సర్దుకునేవి), రెండు స్పార్క్ ప్లగ్గులు, 29 మి.మీ. వాక్యూమ్ కార్బ్యురేటర్. ఇక్కడ చెప్పే పద్ధతి ఏ రెండు వాల్వుల హెడ్‌కైనా పనికొస్తుంది. కొలతలు మాత్రం మీ హెడ్ మీద మీరే తీసుకోవాలి.

5250 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 15.75 మీటర్లు. పిస్టన్ వైశాల్యం 38.5 చదరపు సెం.మీ. ఇన్‌టేక్ పోర్టు 29 మి.మీ. వ్యాసంతో ఉంటే దాని వైశాల్యం 6.6 చదరపు సెం.మీ. అంటే పోర్టులో గాలి సగటు వేగం సెకనుకు సుమారు 92 మీటర్లు. దాన్ని 32 మి.మీ.కి పెంచితే వేగం 75కి పడిపోతుంది. ఊళ్లో తిరిగే 3000 ఆర్‌పీఎం దగ్గర ఇవే అంకెలు 52, 43. గాలి వేగం తగ్గితే పెట్రోలు తుంపర సరిగ్గా కలవదు. పిస్టన్ కింది నుంచి పైకి తిరిగాక కూడా ఊపు మీద లోపలికి దూసుకొచ్చే గాలి తగ్గిపోతుంది. బుల్లెట్‌ను కొనేదే కింది ఆర్‌పీఎంలో లాగే బలం కోసం. దాన్ని పోగొట్టుకుని ఎవరూ వాడని పై ఆర్‌పీఎంలో కొంచెం సంపాదించడం నష్టపు బేరం. పైగా ముందున్న కార్బ్యురేటర్ గొంతు 29 మి.మీ.యే. దాని వెనక పోర్టు మధ్య భాగాన్ని 34కి తవ్వినా ఒరిగేదేమీ లేదు.

అందుకని పని అంతా వాల్వుకు పైన, కింద కలిపి ఒక అంగుళం మేర జరుగుతుంది. సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే రింగు), సీటు కింద గిన్నెలా ఉండే బౌల్, గైడు (వాల్వు కాడ, అంటే స్టెమ్, జారే గొట్టం) చుట్టూ ఉన్న దిమ్మె, లోపలి మలుపు: ఈ నాలుగే మీ పని. పోర్టు మధ్య భాగంలో పోత గరుకు తీసి వదిలేయండి.

పని వరస

ముందు గైడ్లు, తర్వాత పోర్టు, ఆ తర్వాత సీటు కటింగ్, చివర్న ల్యాపింగ్ (వాల్వును సీటు మీద పేస్టుతో రుద్దడం). ఈ వరస తిరగబడితే చేసిన పనే మళ్ళీ చేయాలి. సీటు కట్టర్ గైడు రంధ్రంలో దూర్చిన పైలట్ మీద తిరుగుతుంది. గైడు వదులైతే సీటు పక్కకు పోతుంది. సీటు కోయించాక గైడు మార్చినా అంతే. ఇక సీటు కోయించాక బౌల్ తవ్వితే, బర్ ఒక్కసారి ఎగిరినా కొత్త సీటు మీద గీత పడుతుంది.

హెడ్ దించాక కార్బన్ తీసేసి, వాల్వును సీటు నుంచి 10 మి.మీ. పైకెత్తి అటూ ఇటూ ఊపి చూడండి. డయల్ గేజితో కొలిచి సర్వీసు మాన్యువల్‌లోని పరిమితితో పోల్చండి. గైడు పోయిందని తేలితే బోరింగ్ షాపులో మార్పించి, రీమర్ కొట్టించి, అప్పుడు మిగతా పనికి దిగండి. ప్లగ్గు రంధ్రాల మధ్య, సీటు రింగుల పక్కన పగుళ్లున్నాయేమో కూడా చూడండి. పగిలిన హెడ్ మీద పోర్టింగ్ చేయడం శుద్ధ దండగ.

సామాన్లు

6 మి.మీ. షాంకు పట్టే డై గ్రైండర్ కావాలి. వేగం తగ్గించుకునే వీలు తప్పనిసరి. పొడవాటి షాంకు ఉన్న కార్బైడ్ బర్లు రెండు చాలు: 10–12 మి.మీ. గుడ్డు ఆకారం ఒకటి, చెట్టు ఆకారం ఒకటి. హెడ్ అల్యూమినియం కాబట్టి పళ్ళు దూరం దూరంగా ఉన్న అల్యూమినియం కట్ బర్లే అడగండి. ఇనుముకు వాడే సన్న పళ్ళ బర్ రెండు నిమిషాల్లో అల్యూమినియంతో పూడుకుపోతుంది. గ్రైండింగ్ రాళ్ళు అసలు వద్దు, అవీ పూడుకుపోతాయి, వేడెక్కి పగులుతాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో టూల్స్ షాపుల్లో బర్లు దొరుకుతాయి. షాంకు పొడవు 100 మి.మీ.కి తక్కువైతే బౌల్ లోపలికి అందదు.

పొడవాటి షాంకు బర్‌ను గాల్లో ఫుల్ స్పీడ్‌లో తిప్పొద్దు. షాంకు వంగి, కొరడాలా కొడుతుంది. బర్‌ను పోర్టులో పెట్టాకే స్విచ్ వేయండి, ఆగాకే బయటికి తీయండి. 10,000 నుంచి 15,000 ఆర్‌పీఎం సరిపోతుంది. ప్రతి నిమిషానికోసారి బర్‌ను కొవ్వొత్తికి రుద్దండి, లేదా కిరోసిన్‌లో ముంచండి. అల్యూమినియం అంటుకోదు.

ఇవి కాక ఎమరీ రోల్స్, 60 నుంచి 320 దాకా ఎమరీ గుడ్డ, ఎమరీ గుడ్డ దూర్చడానికి కొన చీల్చిన రాడ్డు ఒకటి, వెర్నియర్, లోపలి వ్యాసం కొలిచే గేజి, మార్కింగ్ బ్లూ, 50 మి.లీ. బ్యూరెట్, 6 మి.మీ. మందం పర్‌స్పెక్స్ (పారదర్శక ప్లాస్టిక్) పలక. కళ్ళకు అద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా కూర్చోవద్దు. వదులుగా ఉండే గుడ్డ గ్లౌజులు మాత్రం తొడుక్కోవద్దు, బర్ వాటిని చుట్టేసుకుంటుంది.

ముందు కొలతలు రాసుకోండి

వాల్వుల తల వ్యాసం, సీటు కింద గొంతు వ్యాసం, పోర్టు నోటి వ్యాసం, మలుపు దగ్గర వెడల్పు, ఎత్తు. వీటితో పాటు వాల్వు స్టెమ్ కొన స్ప్రింగ్ కూర్చునే చోటు నుంచి ఎంత ఎత్తులో ఉందో కూడా రాసుకోండి. సీటు కోయించాక ఇదే అంకె అవసరమవుతుంది.

చాంబర్ (హెడ్‌లో మంట మండే గిన్నె) ఘనపరిమాణం కూడా ఇప్పుడే తీయండి. ప్లగ్గులు రెండూ బిగించి, వాల్వుల అంచులకు పలుచగా గ్రీజు రాసి కూర్చోబెట్టండి. చాంబర్ అంచు చుట్టూ గ్రీజు రాసి, రంధ్రం చేసిన పర్‌స్పెక్స్ పలకను అదిమి, హెడ్‌ను కొంచెం వాల్చండి. బ్యూరెట్‌లోంచి కిరోసిన్ వదలండి. కిరోసిన్‌లో నాలుగు చుక్కలు 2టీ ఆయిల్ కలిపితే రంగు వచ్చి గాలి బుడగలు కనిపిస్తాయి. 346 సీసీకి 8.5 కంప్రెషన్ రావాలంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే మొత్తం చోటు 46.1 సీసీ. ఇందులో ప్యాకింగ్ మందం, పిస్టన్ తల ఆకారం కలిసి ఉంటాయి, కాబట్టి మీ చాంబర్ అంకె దీనితో సమానంగా రాదు. మీకు కావలసింది పనికి ముందు, పని తర్వాత తేడా.

వీలుంటే గాలి పరీక్ష కూడా. ఖరీదైన ఫ్లో బెంచ్ (హెడ్‌లో గాలి ప్రవాహం కొలిచే మిషన్) అక్కర్లేదు. లోపలి వ్యాసం 70 మి.మీ. దగ్గరున్న పైపు ముక్క మీద హెడ్ పెట్టి, కింద నుంచి వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చండి. పైపు పక్కన చిన్న గొట్టం పెట్టి, రంగు నీళ్ళు పోసిన యూ ఆకారపు ట్యూబుకు కలపండి. వాల్వును ఒక బోల్టుతో 2, 4, 6, 8 మి.మీ. తెరిచి, ప్రతిసారీ నీటి మట్టాల తేడా రాసుకోండి. హెడ్ గాలిని ఎక్కువ వదిలే కొద్దీ ఆ తేడా తగ్గుతుంది. పోర్టు నోటి చుట్టూ క్లేతో గుండ్రటి పెదవి కట్టడం మర్చిపోవద్దు. అది లేకపోతే గాలి పదునైన అంచు దగ్గరే చెదిరిపోయి, లోపల మీరు చేసిన మార్పు అంకెల్లో కనపడదు. కరెంటు వోల్టేజి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది కాబట్టి, 25 మి.మీ. రంధ్రం ఉన్న రేకును ప్రతిసారీ ముందు పరీక్షించి ఆ అంకెతో పోల్చుకోండి. వేరేవాళ్ళ ఫ్లో అంకెలతో పోల్చాలంటే వాళ్ళు ఎన్ని అంగుళాల నీటి ఒత్తిడి దగ్గర తీశారో తెలియాలి. 10 అంగుళాల దగ్గర తీసిన అంకెను 1.67తో గుణిస్తే 28 అంగుళాల అంకె వస్తుంది, ఎందుకంటే ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది.

బౌల్: అసలు లాభం ఇక్కడే

ఇన్‌టేక్ వాల్వు తీసేసి వేలు లోపలికి పెట్టి చూడండి. సీటు రింగు అయిపోయి అల్యూమినియం మొదలయ్యే చోట ఒక మెట్టు తగులుతుంది. పోత పోశాక మిషన్ మీద రింగు కోసం రంధ్రం కోస్తారు. పోతలో పోర్టు ఒక అర మిల్లీమీటరు పక్కకు జరిగినా రింగుకూ గోడకూ పొత్తు కుదరదు. గాలి అక్కడ కొట్టుకుని విడిపోతుంది. ఆ మెట్టు ఒక వైపు లోతుగా, ఇంకో వైపు అసలు లేకుండా ఉండడం మామూలే. చుట్టూ మార్కింగ్ బ్లూ పూసి, ఎక్కడ ఎంత తీయాలో చూసుకోండి.

ఎంత వరకు తీయాలి? గొంతు వ్యాసం వాల్వు తల వ్యాసంలో 85 నుంచి 88 శాతం మధ్య ఉండాలి. వాల్వు 36 మి.మీ. అనుకుంటే గొంతు 30.6 నుంచి 31.7. 90 శాతం రేసు ఇంజిన్ల పని. అక్కడ సీటు కింద లోహం తగ్గి, రోడ్డు మీద వేలకు వేల కిలోమీటర్లు తిరిగే బండికి సీటు నిలబడదు. లేత్ షాపులో 31 మి.మీ. వ్యాసంతో ఒక చిన్న బిళ్ళ తిప్పించి దానికి పిడి పెట్టుకోండి. అది దూరిందా ఆపేయండి. వెర్నియర్ వంగిన గోడ మీద సరిగా కూర్చోదు, ఈ బిళ్ళ మోసం చేయదు.

పాత వాల్వు ఒకటి తీసుకుని, తల అంచు 2 మి.మీ. లేత్‌లో కోయించి, పోర్టు వైపు నుంచి పని చేసేటప్పుడు దాన్ని సీటు మీద కూర్చోబెట్టండి. చాంబర్ వైపు నుంచి చేసేటప్పుడు బర్ షాంకుకు రబ్బరు గొట్టం ముక్క తొడగండి, షాంకు సీటుకు తగిలినా గీయదు. బర్‌ను ఒకచోట ఆపకుండా గుండ్రంగా తిప్పుతూ ఉండండి. ఆగిన చోట గుంట పడుతుంది, ఆ గుంట పోవాలంటే చుట్టూ అర మిల్లీమీటరు తీయాలి. తుది కొలతకు 0.3 మి.మీ. ముందే బర్ ఆపేసి, మిగతాది ఎమరీకి వదలండి.

సీటు రింగు కింద ఉన్న అల్యూమినియం ఆ రింగును పట్టి ఉంచే పీట. అక్కడ లోహం పలచబడితే ఇంజిన్ వేడికి రింగు సడలి, ఊడి, పిస్టన్ మీద పడుతుంది. అందుకే రింగు లోపలి అంచుతో గోడను సమం చేయాలే గానీ, రింగు వెనక్కి గుహ తవ్వకూడదు.

లోపలి మలుపు

పోర్టు అడుగు భాగం చాంబర్ వైపు తిరిగే చోట చిన్న వంపు ఉంటుంది. గాలికి కష్టమైన మలుపు అదే. బయటి వైపు గోడను ఆనుకుని గాలి సులువుగా తిరిగిపోతుంది. లోపలి వైపు మలుపు పదునుగా ఉంటే గోడను వదిలి చెదురుతుంది. వాల్వు బాగా తెరుచుకున్నప్పుడు ఫ్లో పెరగకుండా ఆగిపోవడమో, తగ్గడమో కనపడితే కారణం దాదాపు ఇదే. వాక్యూమ్ పరీక్షలో ఒక బుసబుస శబ్దం కూడా వినిపిస్తుంది.

ఇక్కడ చేయాల్సింది పదునైన మూలను గుండ్రం చేయడం, అంతే. అడుగును లోతుగా తవ్వి మలుపును చదును చేస్తే వంపు వ్యాసార్ధం తగ్గిపోతుంది, గాలి మరింత తొందరగా గోడను వదులుతుంది. ఒకసారి తీసిన లోహాన్ని మళ్ళీ పెట్టాలంటే వెల్డింగే దారి, దానితో సీటు వంగుతుంది. కాబట్టి ఇక్కడ బర్ వాడకండి. చీల్చిన రాడ్డుకు 80 నంబరు ఎమరీ గుడ్డ చుట్టి, చేత్తోనో నెమ్మదైన డ్రిల్లుతోనో రుద్దండి. మెరుపు తేలిన చోట ఇంకా మూల ఉన్నట్టు, మెరుపు అంతటా ఒకేలా పరుచుకుంటే చాలు.

పక్క గోడల్లో పుష్‌రాడ్‌లు వెళ్ళే వైపు పలచన. దాన్ని పెద్దది చేయొద్దు. గోడ తూట్లు పడితే పుష్‌రాడ్ సొరంగంలోని ఆయిల్ ఆవిరి పోర్టులోకి వచ్చి నీలం పొగ మొదలవుతుంది.

గైడు దిమ్మె

గైడు చుట్టూ పోతలో ఒక ముద్ద ఉంటుంది. దాన్ని రెండు పక్కల సన్నం చేసి, గాలి వచ్చే వైపు మొనదేలేలా, వెళ్ళే వైపు తోకలా సాగేలా మలచండి. మొత్తం తీసేయకండి. గైడుకు ఆనిక పోతే వాల్వు ఊగి సీటు గుల్లవుతుంది. పోర్టులోకి పొడుచుకొచ్చిన గైడును కోసేయాలనిపిస్తుంది. ఇన్‌టేక్ వైపు కొన కొంచెం సన్నం చేస్తే సరిపోతుంది. ఎగ్జాస్ట్ గైడును మాత్రం కోయొద్దు. ఎగ్జాస్ట్ వాల్వు వేడిలో పెద్ద భాగం సీటు ద్వారా పోతుంది, మిగతాది స్టెమ్ నుంచి గైడుకు పోవాలి. గాలితోనే చల్లబడే ఇంజిన్‌లో, మన ఎండల్లో, ఆ దారి తగ్గిస్తే వాల్వు కాలిపోతుంది.

ఎగ్జాస్ట్ వైపు

ఇక్కడ పని తక్కువ. సీటు కింద మెట్టు తీయండి, పై కప్పు నున్నగా చేయండి, అడుగును ముట్టుకోకండి. వేడి పొగ పై కప్పును ఆనుకుని పోతుంది. అడుగు ఎత్తుగా ఉండడం మంచిదే. పోర్టు నోటి కన్నా బెండు పైపు లోపలి వ్యాసం 1–2 మి.మీ. పెద్దగా ఉండాలి. ఆ మెట్టు సైలెన్సర్ నుంచి వెనక్కి తన్నే పొగను అడ్డుకుంటుంది. పోర్టును పైపుతో సమానం చేస్తే నున్నగా కనిపిస్తుంది గానీ కింది ఆర్‌పీఎంలో పొగ వెనక్కి వచ్చి కొత్త గాలిని పాడు చేస్తుంది.

ఇన్‌టేక్ ఫ్లోలో 75–80 శాతం ఎగ్జాస్ట్‌కు వస్తే చాలు. ఎగ్జాస్ట్ పొగ ఒత్తిడితో తోసుకుపోతుంది కాబట్టి దానికి ఎక్కువ దారి అక్కర్లేదు.

మేనిఫోల్డు రబ్బరు

ఇది కార్బ్యురేటర్‌ను హెడ్‌కు కలిపే రబ్బరు గొట్టం. ఇక్కడ ప్యాకింగ్ రంధ్రాన్ని కొలతగా తీసుకుని పోర్టు నోరు విప్పేవాళ్ళు ఉన్నారు. ప్యాకింగ్ రంధ్రం ఎప్పుడూ పోర్టు కన్నా పెద్దగానే కోస్తారు. రబ్బరు లోపలి వ్యాసాన్నే కొలతగా పెట్టుకోండి. గాలి వెళ్ళే దిశలో మెట్టు ఎదురు రాకూడదు. రబ్బరు కన్నా పోర్టు అర మిల్లీమీటరు పెద్దగా ఉన్నా నష్టం లేదు, చిన్నగా ఉంటే మాత్రం నష్టమే. రబ్బరు పగిలి ఉంటే మార్చేయండి. పోర్టింగ్ అయ్యాక వచ్చే మిస్‌ఫైర్‌కు చాలాసార్లు ఈ పగులే కారణం.

నునుపు ఎంత?

ఇన్‌టేక్ 80 నంబరు ఎమరీ దగ్గర ఆపండి. అద్దంలా పాలిష్ చేస్తే కార్బ్యురేటర్ నుంచి వచ్చే పెట్రోలు గోడకు పలుచటి పొరలా అంటుకుని, బొట్లు బొట్లుగా లోపలికి జారుతుంది. స్టార్టింగ్, పికప్ రెండూ చెడతాయి. సన్నటి గరుకు ఆ పొరను చెదరగొడుతుంది. ఎగ్జాస్ట్‌ను 320 దాకా తీసుకెళ్ళి మెరిపించండి, కార్బన్ తక్కువ పడుతుంది. చాంబర్‌లో కూడా పదునైన అంచులు, ప్లగ్గు రంధ్రం దగ్గర పొడుచుకొచ్చిన థ్రెడ్ ముక్కలు తీసేయండి. అవి ఎర్రగా కాలి ముందే మంట పెడతాయి. వాల్వు చుట్టూ చాంబర్ గోడను వెనక్కి జరపడం అనే పని ఒకటుంది. మొదటి హెడ్ మీద దాని జోలికి పోకండి. కొలత తప్పితే ప్యాకింగ్ ఆనే చోటు పోతుంది.

సీటు కటింగ్

వాల్వు కొద్దిగా తెరుచుకున్నప్పుడు గాలికి ఉన్న దారి వాల్వు చుట్టూ ఏర్పడే సన్నటి సందు మాత్రమే. 29 మి.మీ. పోర్టు ముందున్న 36 మి.మీ. వాల్వు సుమారు 6 మి.మీ. లేచేదాకా ఆ సందే అన్నిటికన్నా ఇరుకైన చోటు. అందుకే వాల్వు లేచే, దిగే సమయం చాలావరకు ఫ్లోను నిర్ణయించేది సీటు కోణాలే. బోరింగ్ షాపుకు హెడ్ ఇచ్చేటప్పుడు నోటి మాటతో సరిపెట్టకుండా కాగితం మీద రాసివ్వండి: సీటు 45 డిగ్రీలు, పైన 30, కింద 60. వెడల్పు ఇన్‌టేక్ 1.2 మి.మీ., ఎగ్జాస్ట్ 1.6 మి.మీ. సీటు వాల్వు ముఖం బయటి అంచుకు అర మిల్లీమీటరు లోపల పడాలి.

ఎగ్జాస్ట్ సీటు సన్నం చేస్తే ఫ్లో కొద్దిగా పెరుగుతుంది, వాల్వు తొందరగా కాలిపోతుంది. ఆ బేరం వద్దు. ఎగ్జాస్ట్ వాల్వు తల అంచు మందం 1 మి.మీ. కన్నా తగ్గితే ఆ వాల్వు పారేయండి. ఇన్‌టేక్ వాల్వుకు సీటు గీతకు లోపలి వైపు 30 డిగ్రీల బ్యాక్ కట్ వేయించండి. ఖర్చు తక్కువ, తక్కువ లిఫ్టు దగ్గర లాభం కనిపిస్తుంది.

ఎంత తక్కువ కోస్తే అంత మంచిది. వాల్వు అర మిల్లీమీటరు లోతుకు దిగితే ఇన్‌టేక్ వైపే చాంబర్ అర సీసీ పెరిగి, కంప్రెషన్ 8.5 నుంచి 8.4కి వస్తుంది. అది చిన్న విషయం. పెద్ద విషయం స్టెమ్ కొన. వాల్వు ఎంత దిగితే కొన అంత పైకి లేస్తుంది. హైడ్రాలిక్ లిఫ్టర్ దాన్ని కొంతవరకు సర్దుకుంటుంది. ఆ పరిధి దాటితే లిఫ్టర్ అడుగుకు ఆని వాల్వు పూర్తిగా మూసుకోదు. స్టార్టింగ్ పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంది. ముందు రాసుకున్న ఎత్తుతో పోల్చండి. వాల్వు దిగినంత మందం షిమ్ (సన్న వాషరు) స్ప్రింగ్ కింద వేయండి, లేకపోతే స్ప్రింగ్ బలం తగ్గుతుంది.

ఇంటికి తెచ్చాక ల్యాపింగ్ సన్న పేస్టుతో అర నిమిషం చాలు. ముఖం మీద బూడిద రంగు గీత తెగకుండా, ఒకే వెడల్పుతో రావాలి. ముతక పేస్టుతో గంటసేపు రుద్దితే మూడు కోణాల కటింగ్‌కు ఇచ్చిన డబ్బు వృథా. పేస్టు తుడిచి, స్ప్రింగులు ఎక్కించి, పోర్టులో కిరోసిన్ పోసి పది నిమిషాలు వదలండి. చాంబర్ వైపు చెమ్మ కనిపిస్తే మళ్ళీ సీటు చూడాలి.

కడగడం

చాలామంది తొందరపడే చోటు ఇదే. ఎమరీ రేణువు ఒకటి గైడులో మిగిలినా స్టెమ్‌ను తినేస్తుంది, బోరులోకి పోతే రింగులు పోతాయి. ముందు కిరోసిన్‌తో, తర్వాత వేడి నీళ్ళు, సబ్బుతో, సన్న బ్రష్షుతో గైడు లోపల, ఆయిల్ దారుల్లో తోమండి. కంప్రెసర్ గాలి కొట్టండి. తెల్ల గుడ్డను సన్న కడ్డీకి చుట్టి గైడులో తిప్పితే బూడిద రంగు రాకూడదు. వస్తే మళ్ళీ మొదటి నుంచి. ఆరగానే ఇంజిన్ ఆయిల్ రాయండి, సీటు రింగులు తుప్పు పడతాయి.

ఎక్కించడం, జెట్టింగ్

కొత్త ప్యాకింగ్ వేయండి. బోల్టులు అడ్డంగా, మూడు దఫాలుగా, టార్క్ రెంచితో, మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించండి. లిఫ్టర్లు ఆయిల్‌తో నిండి ఉంటే హెడ్ బిగించగానే వాల్వులు కొంచెం తెరుచుకునే ఉంటాయి. కొంతసేపు ఆగి, అవి దిగాక చేత్తో నెమ్మదిగా ఇంజిన్ తిప్పండి. ఆ తర్వాతే కిక్కు.

హెడ్ ముఖం కోయించి కంప్రెషన్ పెంచాలనుకుంటే, 0.5 మి.మీ. కోస్తే చాంబర్ బోరంతా పరుచుకుందనుకున్నా 1.9 సీసీ తగ్గి 8.8 వస్తుంది. అప్పుడు పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య సందు కొలవక తప్పదు: ఇన్‌టేక్‌కు 1.5 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 2 మి.మీ. కన్నా తగ్గకూడదు. పిస్టన్ మీద క్లే పెట్టి కొలిచే పద్ధతి ఈ ఇంజిన్‌లో మోసం చేస్తుంది. అసలు స్ప్రింగుల బలానికి లిఫ్టర్ అణిగిపోయి, సందు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కొలిచేటప్పుడు మాత్రం మెత్తటి స్ప్రింగులు పెట్టండి.

గాలి ఎక్కువ వస్తే పెట్రోలు కూడా ఎక్కువ కావాలి. మొదట మెయిన్ జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రపు ముక్క) ఒక మెట్టు, అంటే 2.5 నంబర్లు, పెంచండి. పై గేరులో ఫుల్ థ్రాటిల్ మీద కాసేపు లాగి, క్లచ్ పట్టి అదే క్షణం ఇంజిన్ ఆపి, ప్లగ్గులు రెండూ చూడండి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, ఇంకో మెట్టు. మసిగా ఉంటే వెనక్కి. ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ వస్తే ఆ బండిని అలా నడపొద్దు, పిస్టన్ తల కరిగిపోతుంది. ఐడిల్ మిక్చర్ స్క్రూ చివర్న సర్దండి. పొల్యూషన్ పరీక్షలో సీఓ అంకె పెరిగితే మీరు జెట్ ఎక్కువ పెంచినట్టు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదు. పోర్టింగ్‌తో సీసీ మారదు, కానీ పొల్యూషన్ సర్టిఫికెట్ రావాల్సిందే, వారంటీ ఉంటే అది పోతుంది.

19.8 హెచ్‌పీ బండి దీనితో 30 అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. క్యామ్, కార్బ్యురేటర్, ఆర్‌పీఎం పరిమితి అలాగే ఉన్నాయి. మధ్య ఆర్‌పీఎం నుంచి పైకి శ్వాస తేలికవుతుంది, పై గేరులో ఓవర్‌టేకింగ్‌కు గేరు దించే అవసరం తగ్గుతుంది. కింది ఆర్‌పీఎంలో లాగుడు ముందుకన్నా తగ్గిందనిపిస్తే, వెంటనే హెడ్ దించకుండా ముందు కంప్రెషన్ గేజి పెట్టి చూడండి. గేజి అంకె తక్కువగా ఉంటే సీటు లీకు. అంకె బాగానే ఉండి లాగుడు లేకపోతే రబ్బరు, జెట్ చూడండి. 500 కిలోమీటర్ల తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారాక హెడ్ బోల్టుల టార్క్ మళ్ళీ సరిచూసి, ఆయిల్ మార్చండి.